టంకము వేయుట – మడ్డి కడుగుట

(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రక్క గదిలో విద్యార్థుల చేతిపనుల ప్రదర్శనము జరుగుచున్నది. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. బెంగళూరు యస్. పి. రోడ్డు సందులలో రేడియోలు, టేపురికార్డర్లు, టెలివిజన్లు బాగుచేయు దుకాణములలో ముప్పదియైదేండ్లు పనిచేసితిని. ఇప్పుడు ప్రతి శనివారమును ఈ బడికి వచ్చి పిల్లలకు టంకము వేయుట నేర్పుచున్నాను. కావున నా చేతికి తెలిసిన విషయమునే చెప్పెదను. అది మిక్కిలి చిన్నది. చేతితో టంకము వేసిన సర్క్యూటు బోర్డుపై మిగిలిపోవు మడ్డిని కడుగుట ఎట్లు అనునదే ఆ విషయము.

ఇంత స్వల్ప విషయమునకు సభ యెందుకని మీకు తోచవచ్చును. ఈ మడ్డి మూలమున ఈ బడిలో ఒక బాలునికి అపనింద కలిగినది. ఆ నింద న్యాయముగా నాకు చెందవలసినది. ఆ సంగతి మీ యెదుట చెప్పుకొనుటకే దీనిని ఎన్నుకొంటిని. ముందుగా విషయము తెలిసినగాని దోషము ఎవరిదో తెలియదు. కావున మొదటినుండి మనవి చేసెదను.

ఇత్తడి గిన్నెలకు కళాయి పూయుట మీలో పెద్దవారందరును చూచియే యుందురు. కళాయివాడు గిన్నెను కొలిమిపై బాగుగా కాల్చి, అందు నవాసారము చల్లును. తెల్లని పొగ లేచును. వెంటనే తగరము అంటించి దూదితో చుట్టును తుడిచినచో గిన్నె లోపల వెండివలె మెఱయును. నవాసారము చల్లనిచో తగరము ఇత్తడిని పట్టక ముద్దలై జారిపోవును. దీనికి కారణమేమి? లోహమును గాలిలో వేడిచేసినప్పుడు దాని పైభాగము ప్రాణవాయువుతో కూడి సన్నని పొరగా మారును. దీనిని ఆక్సైడు అందురు. ఈ పొర నడుమ నున్నంతవరకు ఒక లోహము మఱియొక లోహమునకు అంటుకొనదు. నవాసారము ఆ పొరను కరిగించి తొలగించును.

కంసాలి బంగారమునకు అతుకు పెట్టునప్పుడు ఇదే పనిని వెలిగారముతో చేయును. వెలిగారమునకు సంస్కృతమున టంకణమని పేరు. మనము టంకము అను మాటను అతుకు పెట్టుటకు వాడుచున్నాము. ఆ మాటను చూచినను లోహమెంత ముఖ్యమో దానికి తోడ్పడు మందును అంత ముఖ్యమని తోచును. ఈ మందునే ఇంగ్లీషువారు ఫ్లక్సు అందురు.

కంసాలి అతుకు పెట్టిన నగను అట్లే మన చేతిలో పెట్టునా? పెట్టడు. అతుకు చుట్టును గాజువలె గట్టిపడిన వెలిగారమును పులుసునీట నానబెట్టి, తోమి, కడిగి, తుడిచి ఇచ్చును. అతుకు పెట్టుట సగము పని, కడుగుట తక్కిన సగము. ఈ రెండవ సగమును మా రేడియో పనివారు తఱచుగా మఱతురు. నేనును మఱచితిని.

సర్క్యూటు బోర్డుపై వాడు టంకపు తీగ బోలుగా నుండును. దాని నడుమ ఫ్లక్సు నింపబడి యుండును. తీగ తగరము, సీసము కలిసిన మిశ్రమము. నూటికి 63 పాళ్లు తగరము, 37 పాళ్లు సీసము కలిపినచో అది సరిగా 183 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. సీసము విషమగుటచే 2006వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి ఐరోపా దేశముల కూటమి చాలవఱకు విద్యుత్పరికరములలో దానిని నిషేధించెను. అటుపిమ్మట తగరములో కొద్దిగ వెండియు, రాగియు కలిపిన సీసములేని తీగలు వ్యాపించినవి. అవి కరగుటకు సుమారు 217 డిగ్రీల వేడి కావలయును. ఈ బడిలో పిల్లలకు సీసములేని తీగనే ఇచ్చుచున్నాము.

తీగ నడుమనుండు ఫ్లక్సు సాధారణముగా రోజిన్. ఇది పైన్ చెట్ల బంక. మన దేశమున హిమాలయపు కొండలలో పెరుగు చీడ్ పైన్ చెట్లకు గాటు పెట్టి ఈ బంక తీయుదురు. దానిని బట్టీపట్టి టర్పెంటైన్ నూనెను వేఱుచేయగా మిగిలిన పసుపుపచ్చని గట్టి పదార్థమే రోజిన్. ఫిడేలు వాయించువారు కమానుకు రాచుకొనునది ఇదియే. దీనిలో నొక చక్కని గుణము కలదు. వేడి తగిలినప్పుడు ఇది కరిగి ఆమ్లమువలె పనిచేసి ఆక్సైడును తొలగించును. చల్లారినంతనే గట్టిపడి, ఎవరికిని హాని చేయక, నీటిని దరిజేరనీయక, గాజుబిళ్లవలె నుండును. ఇట్టి సాధువైన రోజిన్ మాత్రమే వాడినచో కడుగకున్నను పెద్ద ప్రమాదము లేదు.

కాని ఒట్టి రోజిన్‌కు బలము చాలదు. పాతబడి నల్లబడిన రాగిపై అది పనిచేయజాలదు. కావున తయారుచేయువారు దానిలో క్లోరైడులు, బ్రోమైడులు, లేక ఇతర ఆమ్లములు కలిపి చుఱుకు పెంచుదురు. చుఱుకు పెరిగినకొలది చల్లారిన పిదప మిగులు మడ్డియు ప్రమాదకరమగును. ఈ దృష్టితో ఫ్లక్సులను మూడు తెగలుగా చెప్పుకొనవచ్చును.

మొదటిది రోజిన్ జాతి. దీని మడ్డి నీటిలో కరగదు, ఆల్కహాలులో కరగును. రెండవది నీటిలో కరగు ఆమ్లముల జాతి. ఇది మిక్కిలి చుఱుకైనది. దీనిని వాడిన నాడే వేడినీటితో కడిగి తీరవలయును. రేపు కడుగుదమని ఉంచినచో అది రాగిని తినివేయును. మూడవది కడుగనక్కరలేనిదని అమ్మునది. దీని మడ్డి స్వల్పము. దానిని తాకక విడిచిపెట్టవలయును, లేదా పూర్తిగా కడుగవలయును. సగము కడుగుట మాత్రము కూడదు. ఇవిగాక కొళాయి గొట్టములకును, రేకు డబ్బాలకును వాడు జింకు క్లోరైడు ఆమ్లపు మందు ఒకటి కలదు. దానిని సర్క్యూటు బోర్డు దరికి రానీయరాదు.

సగము కడుగుట ఏల కూడదు? ఇదియే నా కథకు మూలము.

2023వ సంవత్సరము జనవరిలో, వార్షికోత్సవమునకు వారము ముందు, తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బాలుడు ఈ బడి మేడమీది నీటితొట్టికొక యంత్రము చేసెను. తొట్టి నిండగనే మోటారు ఆగవలయును, ఖాళీ కాగానే తిరుగవలయును. మెయిన్సు కరెంటుకు సంబంధించిన పనియంతయు నేను చేసితిని. 9 వోల్టుల బ్యాటరీతో నడచు చిన్న బోర్డు మాత్రము బాలునిదే. అందు 4069 అను చిప్పు కలదు. నీరు పైనున్న తీగను తాకగనే ఆ నీటిగుండ అతిస్వల్పమైన కరెంటు వచ్చి చిప్పునకు తొట్టి నిండినదని తెలియజేయును. బాలుని టంకము చూడముచ్చటగ నుండెను. ప్రతి బిందువును మెఱయుచు, కాలిచుట్టును చక్కగా ప్రాకి యుండెను.

ప్రదర్శనము ముందురాత్రి ఒక కాలు సరిగా అతుకలేదని నాకు తోచి, నా పాత పెట్టెలోని ముద్ద ఫ్లక్సును పూసి మరల టంకము వేసితిని. అది క్లోరైడు కలిసిన చుఱుకైన సరకు. బోర్డు జిడ్డుగా కనబడుటచే మందులషాపులో దొరకు స్పిరిటుతో ఒక గుడ్డను తడిపి రెండు మార్లు తుడిచితిని. బోర్డు మెఱసెను. మఱునాడు అందరును మెచ్చుకొనిరి. పిదప యంత్రమును తొట్టివద్ద బిగించితిమి. ఎండకాలమంతయు అది చక్కగా పనిచేసెను.

జూలై నెలలో ముసురు పట్టెను. ఒకనాటి ఉదయము బడిలో చుక్క నీరు లేదు. తొట్టి ఎండియున్నది. యంత్రము మాత్రము నిండినదని చెప్పుచు మోటారును తిరుగనీయలేదు. వాన కురియుచుండగా బడికి నీటి కరవు! మధ్యాహ్నమునకు అదే బాగుపడెను. రెండు దినములకు మరల చెడెను. ఇట్లు మూడు వారములు సాగెను. చిన్నపిల్లలు మధ్యాహ్నము అన్నము తిని చేతులు కడుగుకొనుటకు నీరు లేక ఇబ్బంది పడిరి. బాలుని తండ్రి బడికి వచ్చి, చేతగాని పని చేయించి నలుగురిలో తలవంపులు తెచ్చితిరనియు, ఇక తమ పిల్లవానిని ఈ శనివారపు పనికి పంపననియు చెప్పెను. బాలుడు తల వంచుకొని నిలిచెను. నేను ఆ సమయమున ఒక్క మాటయు పలుకలేదు. టంకమెక్కడనో వదులై యుండునని నేనును మనసులో అనుకొంటిని. నా తుడుపు నాకు జ్ఞాపకమునకే రాలేదు.

రెండు శనివారములు ఆ బాలుడు రాలేదు. మూడవ శనివారము తల్లితో వచ్చి నా చేతిలో ఒక నోటుపుస్తకము పెట్టెను. యంత్రము చెడిన వేళలన్నియు అందు వ్రాసియుండెను. చెడినవన్నియు ఉదయములు, వాన దినములు. బాగుపడినవన్నియు ఎండ వచ్చిన మధ్యాహ్నములు. చివర ఒక పంక్తి: "బోర్డుమీద ఊదితే చెడిపోతున్నది." వాడు బోర్డు దరికి నోరు పెట్టి, అద్దము తుడుచునప్పుడు ఊదినట్లు వెచ్చని ఊపిరి ఊదెను. తొట్టి తీగలు ఊడదీసియున్నను యంత్రము నిండినదని పలికెను. తల వెండ్రుకలు ఆర్చు యంత్రముతో నేను ఒక నిమిషము ఆర్చితిని. సరియయ్యెను. మరల ఊదగా మరల చెడెను.

భూతద్దముతో చూచితిని. చిప్పు పదునాలుగవ కాలికిని, పదుమూడవ కాలికిని నడుమ పలుచని తెల్లని పూత కనబడెను. పదునాలుగవది బ్యాటరీ కలియు కాలు. పదుమూడవది తొట్టి తీగ కలియు కాలు. నేను మరల టంకము వేసిన చోటు అదియే.

జరిగినది ఇది. మందులషాపు స్పిరిటులో నూటికి 30 పాళ్ల వరకు నీరుండును. రోజిన్ నీటిలో కరగదు. కొంత కరిగి, గుడ్డతో బోర్డంతయు పూయబడి, స్పిరిటు ఆరగనే పలుచని పొరగా మిగిలెను. నేను తుడువక ముందు ఫ్లక్సులోని క్లోరైడులు చాలవఱకు రోజిన్ గాజుబిళ్లలో బంధింపబడి యుండెను. నా తుడుపు ఆ బిళ్లను విప్పి వానిని బయటపెట్టెను. ఉప్పుడబ్బా మూతతీసి వానకాలమున ఉంచినట్లయ్యెను. ఉప్పు గాలిలోని తేమను పీల్చి చెమర్చును. చెమర్చిన ఉప్పు కరెంటును ప్రవహింపజేయును.

ఆ కరెంటు ఎంత? ఆ చిప్పు కాలు 10 లక్షల ఓముల నిరోధముగుండ భూమికి కలుపబడియున్నది. 9 వోల్టులలో సగము, అనగా సుమారు నాలుగున్నర వోల్టులు దానికి చేరినచో చిప్పు నిండినదని తలచును. దానికి కావలసిన కరెంటు ఒక ఆంపియరును 10 లక్షల భాగములు చేసినచో అందు నాలుగున్నర భాగములు. ఇంత స్వల్పమైన కరెంటు తేమ తగిలిన మడ్డిగుండ సులభముగా పోగలదు. పెద్ద బల్బు వెలిగించు తీగకు ఈ మడ్డి ఏమియు చేయదు. స్వల్పమైన కరెంటులతో పనిచేయు వినికిడి యంత్రములు, కొలత పరికరములు మొదలగువానికి ఇదియే శత్రువు.

మఱియొక కీడును కలదు. తేమయు, మడ్డియు, వోల్టేజియు చాలకాలము కలిసియున్నచో ఒక కాలినుండి లోహము సూక్ష్మకణములుగా కరిగి, రెండవ కాలివద్ద పేరుకొనుచు, కొండఫెర్ను ఆకువలె శాఖలుగా పెరుగును. ఆ శాఖ మొదటి కాలిని చేరిననాడు రెండును కలిసిపోవును. భూతద్దములో అది చూచుటకు అందముగా నుండును. పరికరమునకు మాత్రము అది మృత్యువు.

ఇక కడుగు విధానము. పిల్లలు ఇంటివద్ద ఈ పని చేయుదురు గనుక మీరును దీనిని ఎఱిగియుండుట మేలు.

మొదట బోర్డునుండి బ్యాటరీ తీసివేయవలయును. టంకము వేయు ఇనుమును ఆర్పి, చల్లారనిచ్చి, దూరముగా పెట్టవలయును. రోజిన్ మడ్డికి 99 పాళ్ల ఐసోప్రొపైల్ ఆల్కహాలు తగినది. అరచేతి ప్రమాణము గల బోర్డుకు రెండు మూడు చెంచాలు చాలును. బోర్డును ఏటవాలుగా పట్టి, పైనుండి ఆల్కహాలు పోసి, గట్టి వెండ్రుకలు గల చిన్న కుంచెతో పై నుండి క్రిందికి రుద్దవలయును. మడ్డి కరిగిన ద్రవము క్రింది అంచునకు చేరును. అది ఆరకముందే పోగులు రాలని శుభ్రమైన గుడ్డతో అద్దవలయును. ఇక్కడనే నేను తప్పితిని. ఆరనిచ్చినచో కరిగిన మడ్డి తిరిగి అక్కడనే కూర్చుండును. మడ్డిని కదలించుట కడుగుట గాదు, బోర్డుపైనుండి తీసివేయుటయే కడుగుట. పిదప క్రొత్త ఆల్కహాలుతో, క్రొత్త గుడ్డతో మరల అట్లే చేయవలయును. వాడిన ఆల్కహాలును సీసాలో తిరిగి పోయరాదు. కడపట మెల్లని వెచ్చగాలితో చిప్పుల క్రింది తడిసహా ఆర్చి, భూతద్దమును ప్రక్కవాటుగా పట్టి చూడవలయును. తెల్లని పూతగాని, వ్రేలికి జిగటగాని తగిలినచో మరల కడుగవలయును.

నీటిలో కరగు ఫ్లక్సుకు వేడినీరు తగును గాని, కడపటి కడుగుడు శుద్ధోదకముతో జరుగవలయును. కొళాయి నీటిలో లవణములుండును. మడ్డి తీసి ఉప్పు పెట్టుట తగదు. తెఱపియున్న స్విచ్చులు, రిలేలు, త్రిప్పుడు నిరోధములు, మైకులు, బజర్లు ఆల్కహాలులో తడుపరాదు. కరిగిన మడ్డి వానిలోపలికి పోయి పట్టివేయును. అట్టివానిని బోర్డు కడిగిన పిదప అతికి, ఆ బిందువులను మాత్రము చేతితో శుభ్రపఱుపవలయును. గోళ్లరంగు తీయు అసిటోను వాడరాదు. అది అనేక ప్లాస్టిక్కులను కరిగించును.

పెద్ద కర్మాగారములకు ఇట్లు కుంచెతో రుద్దు తీరిక లేదు. వారు పూర్వము సీఎఫ్‌సీ-113 అను ద్రవముతో బోర్డులను కడుగుచుండిరి. అది నిప్పంటుకొనదు, త్వరగా ఆరును, ప్లాస్టిక్కును పాడుచేయదు. ఇంతకంటె మంచి ద్రవము లేదనుకొనిరి. 1974వ సంవత్సరమున మొలీనా, రోలండ్ అను శాస్త్రజ్ఞులు ఇట్టి పదార్థములు ఆకాశమున పైకిపోయి సూర్యుని తీక్ష్ణకిరణములనుండి మనలను కాపాడు ఓజోను పొరను నాశనము చేయునని చెప్పిరి. 1985లో అంటార్కిటికాపై ఆ పొర మిక్కిలి పలుచబడినట్లు వెల్లడియయ్యెను. 1987 సెప్టెంబరు 16వ తేదీన మాంట్రియల్ నగరమున దేశములు ఒడంబడిక చేసికొనెను. మన దేశము 1992లో అందు చేరెను. 1995లో మొలీనా, రోలండులకు, వారితోపాటు క్రుట్జెనుకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. వర్ధమాన దేశములు సైతము 2010 నాటికి వానిని విడువవలసి వచ్చెను. కడుగనక్కరలేని ఫ్లక్సులు, నీటిలో కరగు ఫ్లక్సులు ఇంతగా వ్యాపించుటకు ఈ మార్పు ముఖ్యకారణము. బల్లమీద మడ్డిని కడిగిన ద్రవము ఆకాశమును మలినపఱచినది. ఒక చోటి మురికిని వేఱొక చోటికి నెట్టుట శుభ్రత గాదని మా వృత్తి ఆ విధముగా నేర్చుకొన్నది.

తల్లులకు ఒక మనవి. ఐసోప్రొపైల్ ఆల్కహాలు మిక్కిలి త్వరగా నిప్పంటుకొనును. మన ఎండలలో దాని ఆవిరికి ఒక్క రవ్వ చాలును. ఆ ఆవిరి గాలికంటె బరువైనది, నేలవెంబడి ప్రాకిపోవును. కావున వంటింటిలోగాని, దేవుని దీపము దరినిగాని ఈ పని చేయనీయవలదు. కిటికీలు తెఱచి యుంచుడు. టంకము వేయునప్పుడు లేచు పొగ సీసపు పొగ గాదు, రోజిన్ పొగ. అది పదేపదే పీల్చువారికి ఉబ్బసము కలిగించునని వైద్యులెఱుగుదురు. పిల్లవాడు దానిపై ముఖము వంచి కూర్చుండరాదు. చిన్న పంకా పొగను ప్రక్కకు లాగునట్లు పెట్టుడు. ఇంటిలో పాత సీసపు తీగ యున్నచో, అది చేతులనుండి నోటికి చేరును. పని ముగియగనే సబ్బుతో చేతులు కడుగకుండ తినుబండారములు ఇవ్వవలదు. తుడిచిన గుడ్డలను బాగుగా ఆరనిచ్చి, మూతగల డబ్బాలో పోగుచేసి శనివారము బడికి పంపుడు. వానిని ఎలక్ట్రానిక్ వ్యర్థములతో చేర్చి అప్పగించెదము.

ఇక కథ ముగించెదను. ఆ శనివారము ఆ బాలుడును, నేనును కూర్చుండి బోర్డును చెప్పిన విధముగా రెండు మార్లు కడిగి ఆర్చితిమి. వాడు మరల నోరు పెట్టి ఊదెను. యంత్రము మాఱు పలుకలేదు. ఇంకను గట్టిగా ఊదెను. పలుకలేదు. ఆనాటి సాయంకాలమే వాని యింటికి పోయి, తప్పు పిల్లవానిది కాదనియు, నా చేతిదనియు తండ్రిగారితో చెప్పితిని. ఆయన సహృదయులు. నాకు కాఫీ ఇప్పించి, "మూడు వారముల క్రింద ఈ మాట చెప్పియుంటే మావాడు రెండు రాత్రులు అన్నము మానేవాడు కాడు కదా మాస్టారూ" అని మాత్రము అనెను. దానికి నాయొద్ద సమాధానము లేకుండెను. నేటికిని లేదు. నాడు ప్రధానోపాధ్యాయుల గదిలో నలుగురి యెదుట నింద పడినది, మరల నా మాట ఒక్క యింటిలోనే చెప్పితిని. కావున నేడు ఇందఱి యెదుట చెప్పుచున్నాను.

ఆ యంత్రము నేటికిని ఈ మేడమీద పనిచేయుచున్నది. ముసురులోను అబద్ధమాడుట లేదు. మీరు ప్రదర్శనపు గదికి పోయినప్పుడు పిల్లల బోర్డులను త్రిప్పి వెనుకవైపు చూడుడు. మెఱయు టంకపు బిందువులను మెచ్చుకొనుడు. అటుపిమ్మట "కడిగితివా?" అని అడుగుడు. ఏదైన పని చెడినదని తెలిసినచో, నింద వేయుటకు ముందు ఆ బిడ్డ నోటుపుస్తకము తెమ్మనుడు. ఏ వేళ చెడినది, ఏ వేళ బాగుపడినది అందు వ్రాసియుండవచ్చును. నేర్పిన పెద్దవాని తప్పును ఆ పంక్తులలోనే బయటపడవచ్చును.